పిల్లల కొట్టంలో పెద్దమ్మ

గంట మోగగానే నాకు కడుపునొప్పి వచ్చేది. గంటంటే గుడి గంట కాదు. లైన్ల చివర, అంటే మా కూలీల గదుల వరస చివర, వేలాడదీసిన రైలుపట్టా ముక్క. చీకటుండగానే సర్దారు, మా కూలీల మీద మేస్త్రీ, దాన్ని ఇనపకడ్డీతో బాదేవాడు. ఆ మోతకి అమ్మ ఉలిక్కిపడి లేచేది. పార భుజాన వేసుకుని, ముందురోజు చేసిన రొట్టెలు గుడ్డలో కట్టుకుని చెరుకు తోటకి పరిగెత్తేది. నేను మోకాళ్ళు పొట్టకి ఆనించుకుని బల్ల మీద ముడుచుకుపోయేదాన్ని. అజీర్తి అనుకోవడానికి తిన్నదేముంది గనక?

మేముండేది ఫిజీలో, లబాసా చుట్టూ ఉన్న చెరుకు ఎస్టేట్లలో ఒకదానిలో. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మా నాన్నా విశాఖపట్నం పక్క పల్లె నుంచి నా చెయ్యి పట్టుకుని ఓడెక్కారు. ఐదేళ్ళు కూలి చేస్తామని వేలిముద్ర వేసిన కాగితాన్ని అందరూ గిరిమిట్ అనేవారు. ఏ పని చెయ్యాలో, ఆ దేశం ఎంత దూరమో వేలిముద్ర వేసేనాటికి వాళ్ళిద్దరికీ తెలియదు. వచ్చిన రెండో ఏడు నాన్న రక్తవిరేచనాలతో పోయాడు. అప్పటికి తమ్ముడు అమ్మ కడుపులో ఉన్నాడు.

ఇప్పుడు చెప్పేది నాకు పదేళ్ళు, తమ్ముడికి రెండేళ్ళు వచ్చినప్పటి సంగతి.

మా గదిలో నిలబడి చేతులు చాపితే అటూ ఇటూ గోడలు తగిలేవి. ఆ గోడలైనా కప్పుదాకా లేవు. పైన తీగల వల ఉండేది. పక్కగదిలో ఎవరైనా దగ్గితే మా గదిలో దగ్గినట్టే. ఎవరు ఎవర్ని కొట్టారో, ఏ ఆడమనిషిని సర్దారు ఏమన్నాడో, ఎవరు మొహం దుప్పట్లో దాచుకుని ఏడుస్తున్నారో లైన్లలో పిల్లలందరికీ తెలిసేది. పెద్దవాళ్ళు మాత్రం పిల్లలకేం తెలియదనే అనుకునేవారు.

అమ్మ వెళ్ళాక తమ్ముణ్ణి చంకనేసుకుని పిల్లల కొట్టానికి వెళ్ళేదాన్ని. తల్లులు తోటలో ఉన్నంతసేపూ చంటివాళ్ళని, చిన్నపిల్లల్ని చూడ్డానికి కంపెనీ వేయించిన రేకుల పాక అది. పదహారు పద్దెనిమిది మంది పిల్లలుండేవాళ్ళు. మొదట్లో అక్కడ ఒక ముసలామె ఉండేది. పిల్లలు ఏడిస్తే "అదిగో కులంబర్ వస్తున్నాడు" అనేది. కులంబరంటే గుర్రమ్మీద కొరడా పట్టుకుని తిరిగే తెల్లదొర. ఆ మాటకి పిల్లలు ఏడుపు మింగేసేవారు. కొందరు అక్కడే తడిపేసుకునేవారు.

ఆమె గిరిమిట్ అయిపోయి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వచ్చింది మా పెద్దమ్మ. సొంత పెద్దమ్మ కాదు, మా వైపు మనిషి, అంతే. నలభై అయిదేళ్ళుంటాయేమో. చెరుకు నరుకుతుంటే కత్తి జారి ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి. కత్తి పట్టలేదు గనక పిల్లల దగ్గర పడేశారు. నల్లగా, పొడుగ్గా, గట్టిగా ఉండేది. నవ్వడం తక్కువ. ముద్దులాడటం అంతకంటే తక్కువ. నాకు మొదట ఆమెను చూస్తే భయమేసింది.

ఒకరోజు గంజి పోస్తూ నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"ఏటే గుంటా, కనుబొమ్మలేవి?"

నేను తల దించుకున్నాను. అమ్మ తోట నుంచి వచ్చేదాకా కూర్చుని ఒక్కొక్క వెంట్రుకే పీక్కునేదాన్ని. ఎందుకు పీకేదాన్నో నాకే తెలియదు. పీకినప్పుడు చురుక్కుమనేది, ఆ క్షణం మాత్రం కడుపులో రాయి తెలిసేది కాదు. అప్పటికి ఎడమ కనుబొమ్మ సగం పోయింది. అమ్మ చూసి రెండుసార్లు కొట్టింది. చేతులు కట్టేస్తానంది కూడా.

పెద్దమ్మ కొట్టలేదు. గంజి గరిటె కింద పెట్టి, నా పక్కన గొంతుక్కూర్చుంది.

"ఎక్కడ నొప్పి?"

"కడుపులో."

"ఎప్పుడొస్తాది?"

"గంట కొట్టినప్పుడు."

"గంట కొట్టినప్పుడు ఏటనిపిస్తాది నీకు?"

చాలాసేపు నేను మాట్లాడలేదు. ఆమె లేచిపోలేదు. నా అంత పిల్ల మాట కోసం ఒక పెద్దమనిషి అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. చివరికి చెప్పాను. "అమ్మ మళ్ళీ రాదేమోనని."

రాకేం, పిచ్చిదానా, అంటుందనుకున్నాను. అందరూ అలాగే అనేవారు. ఆమె అనలేదు.

"అవును. నీకలాగ అనిపించదా మరి. ఎల్లినోళ్ళు రాకపోడం నీ కళ్ళతో సూసినావు," అంది. "ఆ బయం తప్పు కాదు. గానీ బయాన్ని కూకోబెట్టుకుని మేపకు. రా, పొయ్యి ఊదు."

చేతికి వెదురు గొట్టం ఇచ్చింది. నేను గబగబా ఊదాను. బూడిద లేచి కళ్ళల్లో పడింది.

"అలాగ కాదు. తొందరగా ఊదితే బూడిదే లేస్తాది. గుండెలనిండా పీల్చుకో. నెమ్మదిగా, పొడుగ్గా ఒగ్గు. నిప్పు ఎర్రబడేదాకా."

ఊదాను. పుల్లల చివర ఎరుపు పాకింది. మళ్ళీ ఊదాను. ఎన్నిసార్లో తెలియదు. మంట పట్టేసరికి కడుపులో ముడి కొంచెం వదులైంది. నొప్పి మొత్తం పోయిందని చెప్పను. కానీ ఆ రోజు నుంచి పొయ్యి పని నాదైంది. ఇంకో పిల్లాడికి పిండి పిసికే పని ఇచ్చింది. వాడికి తొమ్మిదేళ్ళు. ఊరికే తన చేతులే తను కొరుక్కునేవాడు, పళ్ళ గాట్లతో ముంజేతులు నల్లబడి ఉండేవి. "కొరకాలనిపిస్తే పిండిని గుద్దు. దానికి నొప్పి నేదు," అంది వాడితో. వాడు పిండిని గుద్దుతుంటే పాకంతా అదిరేది.

మధ్యాహ్నం గంజి తాగాక ఇంకో పని చేయించేది. మాటలొచ్చిన పిల్లలందర్నీ కూర్చోబెట్టి, ఎవరికి ఏం భయం వేసిందో చెప్పమనేది. ఏడవాలనుంటే అప్పుడే ఏడవమనేది. ఏడుపయ్యాక అందర్నీ వాగుకి తీసుకెళ్ళి ముంచి లేపేది. అంతకంటే ఓదార్పు తెలియదు ఆమెకి. "ఊరుకోండి, ఏం కాదు" అన్న మాట ఆమె నోట నేను వినలేదు.

అలా రెండు మూడు నెలలు గడిచాయో లేదో, తమ్ముడికి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది, అమ్మ మెడ వదలడం లేదు. పెద్దమ్మ నేను చూస్తానంది గానీ అమ్మకి మనసొప్పలేదు. రెండు రోజులు పనికి పోలేదు. రెండో రోజు సర్దారు గది ముందుకొచ్చి హిందీలో బూతులు తిట్టాడు. అమ్మ బిడ్డని చూపించింది. వాడు చూడను కూడా చూడలేదు. వారం తిరక్కుండా కచేరీ నుంచి కాగితం వచ్చింది. అనుమతి లేకుండా పని మానేసినందుకు పట్నంలో కోర్టుకి రావాలట.

తమ్ముడి జ్వరం అప్పటికి తగ్గింది. కోర్టుకి వెళ్ళేనాడు అమ్మ ఉన్న ఒక్క మంచి చీర కట్టుకుంది. పక్కగదుల ఆడవాళ్ళంతా వచ్చారు. నెల్లాళ్ళు జైలు వేస్తారని వాళ్ళకి తెలుసు. ఒకామె అంది, "పిల్లలకి సెప్పకండి. బజారుకెల్లిందని సెప్పండి." అమ్మ తమ్ముణ్ణి ముద్దు పెట్టుకుని, "రేపొచ్చేస్తాన్రా నాన్నా," అంది.

పెద్దమ్మ అడ్డం వచ్చింది.

"ఆ మాట అనకు."

అందరూ ఆమెకేసి చూశారు. అమ్మ మొహం ఎర్రబడింది. "సంటిపిల్లాడికి ఏటి సెప్పమంటావక్కా?"

"ఉన్నది సెప్పు. ఆడికి అర్దం కాపోతే కాపోనీ. ఈ గుంటకి అర్దమవుతాది." నా భుజమ్మీద చెయ్యి వేసింది. "మీయమ్మని జైల్లో పెడతారు. దొంగతనం సేసి కాదు, నీ తమ్ముణ్ణి సూసుకున్నందుకు. నెలరోజులు ఉంచొచ్చు. అయినాక వొదిలేస్తారు. ఈలోపు మీకు నానుంటాను. ఇంతే నాకు తెలుసు. అంతకన్నా ఎక్కువ ఎవుడైనా సెబితే నమ్మకు."

అమ్మ వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఏడుస్తుందనేమో, చూడలేదు. నేను కూడా ఏడవలేదు. నమ్మండి, ఆ రోజు నేను బాగానే అన్నం తిన్నాను. ఏం జరగబోతుందో నాతో చెప్పిన మొదటి మనిషి ఆమె. నాన్న పోయినప్పుడు మూడురోజులు ఆస్పత్రిలో ఉన్నాడనే చెప్పారు. నేను మూడురోజులూ గుమ్మంలోనే కూర్చున్నాను.

సాయంత్రాలు ఆమె మా గదిలోనే వంట చేసేది. ఒకసారి బియ్యంలో రాళ్ళేరుతూ, నేనడక్కుండానే చెప్పింది.

"నాకొక కూతురుండేది. నీయంతదే. సంతకెల్లి రేపొచ్చేస్తానని సెప్పి ఎల్లినాను. సంతలో ఒకడు పనిప్పిస్తానని, కూలోళ్ళని ఓడెక్కించే డిపోకి తోలుకుపోనాడు. అక్కడ తలుపేసేసినారు. అంతే." రాయి ఒకటి తీసి బయటికి విసిరింది. "ఆ గుంట ఎన్ని రేపులు సూసిందో."

ఆమె ఏడవలేదు. బియ్యం కడగమని నాకిచ్చింది. నేను కడిగాను. నీళ్ళు వంపుతుంటే కొన్ని గింజలు నేలపాలయ్యాయి. వంగి ఇద్దరం ఏరుకున్నాం.

అమ్మ వెళ్ళిన మూడో వారంలో కొట్టంలోకి విరేచనాల జబ్బు వచ్చింది. వానలు పడి వాగు ఎర్రమట్టితో పొంగింది. తాగేదీ కడిగేదీ ఆ నీళ్ళే. మొదట ఇద్దరు చంటిపిల్లలకి పట్టుకుంది, తర్వాత తమ్ముడికి. జ్వరం పడి లేచిన ఒళ్ళు గనక ఒక్క రోజులోనే కళ్ళు లోపలికి పోయాయి. పెద్దమ్మ వాణ్ణి చీరకొంగులో కట్టుకుని ఎస్టేటు ఆస్పత్రికి నడిచి వెళ్ళింది. నేను వస్తానన్నాను. మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారంది. రెండు మైళ్ళ దారి. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఊదుతూనే ఉన్నాను. ఆ రోజు ఎంత ఊదినా ముడి వదల్లేదు.

వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం ఆమె తిరిగొచ్చింది. చీరకొంగు ఖాళీగా ఉంది.

నేరుగా నా దగ్గరికొచ్చి, నేలమీద కూర్చుని, నా రెండు చేతులూ పట్టుకుంది. "నీ తమ్ముడు సచ్చిపోనాడమ్మా. పొద్దున్న. నా ఒళ్ళోనే. ఆకర్న నొప్పి నేదు, నిద్దరలా పోనాడు."

నేను ఆమెని కొట్టాను. గుండెల మీద, మొహం మీద, రెండు వేళ్ళు లేని ఆ చేతి మీద. నువ్వు చూసుకుంటానన్నావు, నువ్వు చూసుకుంటానన్నావు అని అరిచాను. ఆమె చేతులు అడ్డం పెట్టుకోలేదు. నేను అలిసిపోయాక, "అవును, అన్నాను," అంది.

తర్వాత పిల్లలందర్నీ కూర్చోబెట్టి వాళ్ళకీ చెప్పింది. మూడేళ్ళ పిల్ల ఒకత్తి "మళ్ళీ ఎప్పుడొస్తాడు?" అంది. "రాడు," అంది పెద్దమ్మ. సాయంత్రం నన్ను తీసుకెళ్ళి పూడ్చిన చోటు చూపించింది. తోట అంచున, వాగు ఒడ్డున మట్టిదిబ్బ. అప్పటికే అక్కడ అలాంటివి చాలా ఉన్నాయి, చిన్నవే ఎక్కువ. నా చేతికి ఒక రాయిచ్చి పెట్టమంది. పెట్టాను.

ముగ్గురు పిల్లలు పోయారు ఆ వారంలో. కులంబర్ వచ్చి కొట్టమంతా తిరిగి చూశాడు. నీళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు. తప్పు పిల్లల్ని చూసే మనిషిదన్నాడు. మర్నాటి నుంచి పెద్దమ్మని కలుపు తీసే ముఠాలోకి పంపారు. మూడు వేళ్ళ చేత్తో పార పట్టుకుని రోజుకి ఇంతని కొలిచిచ్చిన వరసలు ఆమె ఎలా పూర్తి చేసేదో నాకు తెలియదు. పొద్దుగూకే వేళకి అందరూ తిరిగొచ్చినా ఆమె ఇంకా తోటలోనే ఉండేది.

కొట్టానికి కొత్తామె వచ్చింది. మళ్ళీ "అదిగో కులంబర్" మొదలైంది. మూడోరోజు గంజి తాగాక ఆమె కునుకు తీస్తుంటే, పిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. నేను పిలవలేదు. ఎవరికేం భయం వేసిందో చెప్పండి అన్నాను. చేతులు కొరుక్కునే పిల్లాడు ముందు చెప్పాడు. "నాక్కూడా ఇరోచనాలొస్తే?" అన్నాడు. ఏం కాదులే అని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. "నాక్కూడా అదే బయం," అన్నాను. వాడు కొంచెం జరిగి నాకు ఆనుకుని కూర్చున్నాడు. ఇద్దరం కలిసి నీళ్ళు కాచి చల్లార్చి పిల్లలకి పట్టడం మొదలుపెట్టాం. అలా చెయ్యమని మాకెవరూ చెప్పలేదు. పొయ్యి ఎలాగూ వెలుగుతూనే ఉంది.

అమ్మ వచ్చింది. జైల్లో ఎవరూ ఆమెకి కబురు చెప్పలేదు. దారిలో ఎదురైనవాళ్ళు కూడా చెప్పలేదు, తలలు తిప్పుకున్నారు. నేను గుమ్మంలో ఉన్నాను. ఆడవాళ్ళు నన్ను లోపలికి లాగబోయారు. మేం మెల్లగా చెబుతాం, నువ్వు పో, అన్నారు. నేను కదల్లేదు.

"అమ్మా, తమ్ముడు చచ్చిపోయాడు. విరేచనాలొచ్చి. పది రోజులైంది."

అమ్మ నన్నే చూస్తూ నిలబడింది. "నువ్వెక్కడున్నావు?" అంది. "నువ్వు సూసుకోనేదా?"

అంతకంటే పెద్ద దెబ్బ నాకు ఈ బతుకులో తగల్లేదు. ఆ ఆదివారం పెద్దమ్మ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "పిల్లమీద ఎయ్యకు. నా సేతుల్లో పోనాడు. అనాలంటే నన్నను," అంది. అమ్మ తలుపేసేసింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను చూడలేదు. నేను పెద్దమ్మ దగ్గరికి పోతే అమ్మ మొహం గంటు పెట్టుకునేది. అయినా పోయేదాన్ని, దొంగచాటుగా. ఆమె చేతి బొబ్బలకి కొబ్బరినూనె రాసేదాన్ని. నా కనుబొమ్మలు పూర్తిగా పోయి మళ్ళీ రావడానికి ఏడాది పట్టింది.

పెద్దమ్మ గిరిమిట్ మాకంటే ముందే అయిపోయింది. తిరిగి దేశం పోతావా అని అడిగాను. "ఏ మొకం పెట్టుకుని?" అంది. మా దీవికి అవతలున్న పెద్ద దీవి మీద, సబేటో లోయలో ఎవరో మనవాళ్ళు చెరుకు వేస్తున్నారని, వంటమనిషి కావాలన్నారని వెళ్ళింది. వెళ్ళేనాడు నాతో, "మళ్ళీ కలుస్తామో నేదో తెల్దు. నువ్వు మంచి గుంటవి," అంది. మేం కలవలేదు. కబురు కూడా రాలేదు. నాకు నలభై దాటాక భజన జరిగే చోట ఒకాయన దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఉత్తరం రాయడం వచ్చింది గానీ ఎవరికి పంపాలో తెలియలేదు. ఆమె పేరు పెద్దమ్మ అని తప్ప నాకు తెలియదు.

మా అమ్మ గిరిమిట్ తీరిన రోజు మూట కట్టుకుని లైన్ల నుంచి బయటపడ్డాం. వాగుకి అవతల ఒకరి పొలంలో పని దొరికింది. ఏడాదిగా అమ్మా నేనూ అవసరమైన మాటలే మాట్లాడుకుంటున్నాం. ఉప్పుందా, నీళ్ళు తెచ్చావా, అంతవరకే. వాగు దాటే చోట అమ్మ ఆగింది.

"ఆడెక్కడున్నాడు?"

అప్పటిదాకా ఆమె ఒక్కసారి కూడా అక్కడికి రాలేదు. నేను ముందు నడిచాను. తోట అంచుకి వచ్చి చూస్తే దిబ్బలు లేవు, రాళ్ళూ లేవు. భూమంతా దున్నేసి చెరుకు నాటారు. మోకాలెత్తు పెరిగింది అప్పటికే. నేను వరసల మధ్య అటూ ఇటూ పరిగెత్తాను. వాగు వంపుని బట్టి చూశాను, చెట్టుని బట్టి చూశాను. ఇక్కడే ఉండాలమ్మా, కాదు ఇక్కడ, అంటున్నాను. ఏడుపొచ్చేసింది.

అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. వరసల మధ్య మట్టిలో కూర్చుంది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎలాగ పోనాడు? అంతా సెప్పు. మొదట్నించీ."

చెప్పాను. మొదటి విరేచనం దగ్గర్నుంచి చెప్పాను. వాడు నీళ్ళడిగింది, అమ్మా అన్నది, పెద్దమ్మ కొంగులో కట్టుకుని వెళ్ళింది, నేను పొయ్యి దగ్గర కూర్చున్నది, ఆమెని నేను కొట్టింది. చెబుతుండగా అమ్మ ఏడవడం మొదలెట్టింది. ఏడాది తర్వాత ఏడ్చింది. గొంతెత్తి, చెరుకు ఆకులు పిడికిళ్ళతో పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నువ్వు చూసుకున్నావని అమ్మ అనలేదు, అలా అడిగినందుకు ఏమనుకోకని అనలేదు. నా తల తన ఒళ్ళో పెట్టుకుంది.

దూరం నుంచి సర్దారు మమ్మల్ని చూసి హిందీలో అరిచాడు, పని మానేసి అక్కడేం చేస్తున్నారని. మాకు గిరిమిట్ తీరిందని వాడికి గుర్తు లేదు కాబోలు. వాడు దగ్గరికి వచ్చేదాకా అమ్మ లేవలేదు. వచ్చాక కూడా లేవలేదు. వాడు కాసేపు నిలబడి, ఏమనుకున్నాడో, వెళ్ళిపోయాడు.

ఎండ వాలేదాకా అక్కడే ఉన్నాం. తర్వాత అమ్మ కొంగుతో నా మొహం తుడిచి, మూట నెత్తిన పెట్టుకుంది. మోకాలు లోతు నీళ్ళలో వాగు దాటి అవతలికి నడిచాం.